తిండి తగ్గించకూడని మధుమేహం

బాలలూ! మధుమేహం అనగానే "తిండి తగ్గించు" అంటాం కదూ? ఆ సలహాయే ప్రాణం మీదికి తెచ్చే మధుమేహం ఒకటుంది.

సిస్టిక్ ఫైబ్రోసిస్ పుట్టుకతో వచ్చే జన్యువ్యాధి. దానికి కారణమైన జన్యువును 1989లో గుర్తించారు. ఈ వ్యాధిలో శ్లేష్మం జిగురులా చిక్కబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది, క్లోమనాళాలనూ మూసేస్తుంది. జీర్ణరసాలు పేగులకు చేరక, తిన్న కొవ్వు ఒంటబట్టదు. క్లోమం దెబ్బతినేకొద్దీ కొందరిలో ఇన్సులిన్ కూడా తగ్గిపోతుంది.

బరువు తగ్గితే ఊపిరితిత్తులూ బలహీనపడతాయి. కనుక వీరిలో చాలామంది ఎంజైము గుళికలు వేసుకుని అన్నం, పాలు, గుడ్లు, నెయ్యి కడుపునిండా తినాలి. తిన్న పిండిపదార్థాన్ని లెక్కగట్టి, అందుకు తగినంత ఇన్సులిన్ తీసుకోవాలి. ఇన్సులిన్ రక్తంలో చక్కెరను అదుపు చేస్తుంది; కండనూ నిలబెడుతుంది. పదేళ్లు నిండినప్పటి నుంచి, లక్షణాలు లేకున్నా, వీరికి ఏటా గ్లూకోజు పరీక్ష చేయాలి.

కాబట్టి తోటివారి కంచం చూసి సలహాలు చెప్పకండి!