దిక్సూచి లేని ప్రయాణం: పసిఫిక్ దీవుల మధ్య తెరచాప పడవలు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఉష్ణమండల సముద్రాలలో తెరచాప పడవ దారిని గాలులు ఎలా నిర్ణయిస్తాయో వివరించగలుగుతారు.
• పరికరాలు లేకుండా దిక్కును, అక్షాంశాన్ని ఎలా గుర్తిస్తారో చెప్పగలుగుతారు.
• పాలినీషియా దీవులలో మనుషులు ఎలా స్థిరపడ్డారన్న వివాదంలో 1976 నాటి హొకులేఆ యాత్ర ప్రాముఖ్యాన్ని అంచనా వేయగలుగుతారు.

1. సమస్య ఏమిటి?

ప్రపంచ పటాన్ని తెరిచి పసిఫిక్ మహాసముద్రాన్ని చూడండి. భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 20 డిగ్రీల దగ్గర హవాయి దీవులు ఉన్నాయి. దక్షిణాన 17.5 డిగ్రీల దగ్గర తాహితి ఉంది. రెండింటి మధ్య దూరం దాదాపు 4,000 కిలోమీటర్లు. ఇంత దూరంలో ఉన్నా ఈ దీవుల ప్రజల భాషలు ఒకే కుటుంబానికి చెందినవి. పంటలు, పడవల నిర్మాణం, దేవతల పేర్లలో కూడా దగ్గరి పోలికలు ఉన్నాయి. ఇనుము, దిక్సూచి, పటం లేని కాలంలో వీరి పూర్వీకులు అక్కడికి ఎలా చేరారు?

దీనికి రెండు రకాల సమాధానాలు వచ్చాయి. నార్వే దేశస్థుడైన థోర్ హెయెర్డాల్ మనుషులు దక్షిణ అమెరికా నుంచి గాలివాటున వచ్చారని వాదించాడు. దాన్ని నిరూపించడానికి 1947లో పెరూ నుంచి కోన్-టికీ అనే బాల్సా కర్ర తెప్ప మీద బయలుదేరి, 101 రోజులకు రరోయా పగడపు దిబ్బను చేరాడు. 1956లో ఆండ్రూ షార్ప్ అనే చరిత్రకారుడు మరో వాదన చేశాడు. కొన్ని వందల మైళ్లకు మించి గురిచూసి పోయి తిరిగి రావడం ఆనాటి వారికి సాధ్యం కాదనీ, దూరపు దీవులకు దారి తప్పినవారో, తిరిగి రాలేనివారో చేరి ఉంటారనీ అన్నాడు.

ఈ రెండు వాదనలకూ ఒక పోలిక ఉంది. రెండింటిలోనూ గాలికీ నీటికీ ఉన్న ప్రాధాన్యం నావికుడి జ్ఞానానికి లేదు. హవాయి ప్రజలకు ఇది పాండిత్య చర్చ మాత్రమే కాదు. 1896 నుంచి బడులలో వారి భాషకు బోధనా మాధ్యమంగా చోటు లేకుండా పోయింది. అలాంటి స్థితిలో, మీ పూర్వీకులు కొట్టుకొచ్చినవారే అన్న మాట వారి ఆత్మగౌరవాన్ని తాకింది.

2. గాలి, పడవ

వ్యాపార పవనాల గురించి మీరు భౌతిక భూగోళశాస్త్రంలో చదివారు. ఉత్తరార్ధగోళంలో ఇవి ఈశాన్యం నుంచి, దక్షిణార్ధగోళంలో ఆగ్నేయం నుంచి వీస్తాయి. మన నైరుతి రుతుపవనం కూడా భూమధ్యరేఖను దాటి కుడివైపుకు మళ్లిన ఆగ్నేయ పవనమే. రెండు పవనాలు కలిసే చోట గాలి పడిపోయే డోల్డ్రమ్స్ అనే మండలం ఉంటుంది. అక్కడ తెరచాప పడవ రోజుల తరబడి నిలిచిపోవచ్చు.

గాలి వెనుక నుంచి వస్తే తెరచాపను నెడుతుందన్నది తేలికగా అర్థమవుతుంది. పక్క నుంచి వస్తే వంపు తిరిగిన తెరచాప విమానం రెక్కలా పనిచేస్తుంది. పడవ అడుగుభాగం పక్కకు జారిపోకుండా నీరు అడ్డుకుంటుంది కనుక పడవ ముందుకు సాగుతుంది. నేరుగా గాలికి ఎదురు పోవడం ఏ తెరచాప పడవకూ సాధ్యం కాదు. ఆధునిక పడవ గాలి దిశకు సుమారు 45 డిగ్రీల కోణంలో వెళ్లగలదు. పాలినీషియా జంట పడవ అంత దగ్గరగా వెళ్లలేదు.

ఇప్పుడు హవాయి నుంచి తాహితికి దారి ఆలోచించండి. తాహితి దక్షిణానే కాక, ఏడెనిమిది డిగ్రీల రేఖాంశం తూర్పున కూడా ఉంది. గాలులు, ప్రవాహాలు మాత్రం పడవను పడమటికి తోస్తాయి. గమ్యానికి పడమటగా తేలితే మళ్లీ ఎదురుగాలిలో తూర్పుకు రావాలి. అందుకే నావికుడు మొదటి నుంచీ గాలికి వీలైనంత దగ్గరగా నడిపి, తూర్పు వైపు దూరాన్ని ముందే సంపాదించుకోవాలి. గాలికి కొట్టుకుపోయేవాడు ఈ దారిలో తాహితి చేరడు.

3. ఆకాశమే పటం

నక్షత్రం ఉదయించే చోటు, అస్తమించే చోటు దిగంతంలో ఏడాది పొడవునా మారవు. ఏ నక్షత్రం ఎక్కడ పొడుస్తుందో కంఠస్థం చేసినవాడికి దిగంతమే దిక్సూచి అవుతుంది. ఒక నక్షత్రం పైకి లేవగానే దాని వెనుక అదే చోట లేచే మరో నక్షత్రాన్ని పట్టుకుంటాడు.

అక్షాంశానికి రెండు గుర్తులున్నాయి. ధ్రువ నక్షత్రం దిగంతం నుంచి ఎంత ఎత్తున ఉంటే, మీ ఉత్తర అక్షాంశం దాదాపు అంత. దక్షిణానికి పోయేకొద్దీ అది కిందికి దిగి భూమధ్యరేఖ దగ్గర మాయమవుతుంది. రెండోది నడినెత్తి మీదుగా పోయే నక్షత్రం. హవాయివారు హొకులేఆ అని పిలిచేది మన స్వాతి నక్షత్రాన్నే. అది సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదుగా సాగుతుంది. కాబట్టి హవాయి పెద్ద దీవిలోనూ, మన నిర్మల్ లోనూ అది నడినెత్తికి వస్తుంది. తాహితిలో నడినెత్తికి దగ్గరగా వచ్చేది సిరియస్ అనే మృగవ్యాధ నక్షత్రం.

మబ్బు పట్టిన రాత్రి సంగతి ఏమిటి? దూరపు గాలులు పుట్టించిన పొడవైన అలలు రోజుల తరబడి ఒకే దిశ నుంచి వస్తాయి. పడవ ఊగే తీరును బట్టి నావికుడు దిక్కును పట్టుకుంటాడు. నేల దగ్గరపడితే పక్షులు చెబుతాయి. పగలు సముద్రం మీద వేటాడి సాయంత్రానికి గూటికి చేరే పక్షులు ఎటు ఎగిరితే అటే దీవి. తాహితికి ఈశాన్యంగా తువామోతు పగడపు దీవులు వందల కిలోమీటర్లు పరుచుకుని ఉన్నాయి. నావికుడు ముందుగా ఆ దీవుల వరుసలో ఏదో ఒకదాన్ని తాకితే చాలు. అక్కడి నుంచి తాహితి దారి తెలుస్తుంది.

4. ప్రయోగం, దాని మూల్యం

1973లో ప్రచురితమైన ఒక కంప్యూటర్ అధ్యయనం, వట్టిగా కొట్టుకుపోయే పడవ హవాయి చేరే అవకాశం దాదాపు లేదని తేల్చింది. అదే సంవత్సరం హవాయిలో పాలినీషియన్ వోయేజింగ్ సొసైటీ ఏర్పడింది. సుమారు 19 మీటర్ల పొడవున్న హొకులేఆ జంట పడవను వారు 1975లో నీటికి దించారు.

అయితే హవాయిలో పాతపద్ధతి నావికుడు ఒక్కరూ మిగల్లేదు. మైక్రోనీషియాలోని సతవాల్ దీవి నుంచి మౌ పియైలుగ్ వచ్చాడు. 1976 మే 1న పడవ మావీ దీవి నుంచి పరికరాలు లేకుండా బయలుదేరింది. నెల రోజులకు తువామోతులోని మతైవా దీవి కనిపించింది. జూన్ 4న పపీతె రేవులో వేలాదిమంది ఎదురొచ్చారు.

రెండో యాత్ర విషాదంగా ముగిసింది. 1978 మార్చిలో బయలుదేరిన కొన్ని గంటలకే పడవ తిరగబడింది. సాయం తేవడానికి సర్ఫింగ్ పలక మీద వెళ్లిన ఎడ్డీ ఐకావు మళ్లీ కనిపించలేదు. ఆ తరువాత శిక్షణనూ భద్రతా ఏర్పాట్లనూ కట్టుదిట్టం చేశారు. 1980లో హవాయి యువకుడు నైనోవా థాంప్సన్ పరికరాలు లేకుండా తాహితి వెళ్లి, తిరిగి వచ్చాడు. తన దీవి యువకులు ఆసక్తి చూపని విద్య తనతోనే అంతరించకూడదని మౌ దాన్ని పరాయివారికి నేర్పాడు. ఆ నిర్ణయం లేకపోతే ఈ యాత్ర ఉండేది కాదు.

ఒక యాత్ర ఏమి రుజువు చేస్తుందో జాగ్రత్తగా గమనించండి. అలాంటి ప్రయాణం సాధ్యమని అది చూపింది. పాలినీషియన్ల పూర్వీకులు పడమటి నుంచి వచ్చారని చెప్పేవి భాషలు, పురావస్తువులు, జన్యు ఆధారాలు. దక్షిణ అమెరికాతో సంబంధం లేకపోలేదు. అక్కడి చిలగడదుంప యూరోపియన్ల రాకకు ముందే పాలినీషియాలో పండేది.

5. నేటి యాత్రికులు

పనామా నుంచి మార్కెసస్, తువామోతు, తాహితి మీదుగా నేడు ఎన్నో చిన్న తెరచాప పడవలు సాగుతాయి. ఉపగ్రహ పరికరాలున్నా రుతువుకు లోబడక తప్పదు. దక్షిణ పసిఫిక్ లో తుపానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు. మన బంగాళాఖాతపు తుపాను గడియారానికి ఎదురుదిశలో తిరిగితే, అక్కడిది గడియారం దిశలో తిరుగుతుంది.

పగడపు వలయ దీవిలోకి పోవడానికి ఒకటి రెండు ఇరుకు సందులే ఉంటాయి. వాటిలో ఆటుపోట్ల నీరు ఏరులా పరుగెడుతుంది. ఆ ప్రవాహం తగ్గే వేళ కోసం, సూర్యుడు ఎత్తుగా తమ వెనుక ఉండే సమయం కోసం పడవవారు వేచి ఉంటారు. ముదురు నీలం లోతైన నీరు, లేత ఆకుపచ్చ ఇసుక మేట, గోధుమరంగు పడవను చీల్చే పగడం.

మీ అభ్యాసానికి

1. తాహితికి పోయే నావికుడు మొదట తూర్పు వైపు దూరాన్ని ఎందుకు సంపాదించుకోవాలి?
2. కోన్-టికీ, హొకులేఆ యాత్రలు దేన్ని నిరూపించాయి? దేన్ని నిరూపించలేకపోయాయి?
3. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. మీ ఊరిలో ధ్రువ నక్షత్రం ఎత్తును పిడికిళ్లతో కొలిచి, పటంలోని అక్షాంశంతో సరిచూడండి. హైదరాబాదులో రెండు పిడికిళ్లకు కొంచెం తక్కువ రావాలి. జూన్ మొదటి వారంలో రాత్రి సుమారు పది గంటలకు నడినెత్తికి దగ్గరగా స్వాతిని కూడా వెతకండి.