తూకమా, రుచియా? – షెనిన్ బ్లాంక్ ద్రాక్ష

కాటాలో ఎక్కువ తూగినదే మంచి పంట కాదా యని మన సభ్యులు మమ్ము తరచుగా అడుగుచుందురు. వడ్ల విషయమున అది చాలవరకు నిజమే. రసము తీయుటకై పెంచు ద్రాక్షకు మాత్రము ఆ లెక్క సరిపడదు. షెనిన్ బ్లాంక్ అను తెల్లద్రాక్ష ఇందుకు నిదర్శనము. ద్రాక్షారసము త్రాగుడని మేము చెప్పుట లేదు. సేద్యపు మర్మమునే చెప్పుచున్నాము.

ఈ తీగకు పుట్టిల్లు ఫ్రాన్సు దేశమందలి లువార్ నదీప్రాంతము. ఇది ముందుగా చిగిర్చి ఆలస్యముగా పండును. కావున చిగురు వేళ మంచు కురిసెనా, చిగురు మాడును. కోతవేళ వాన పట్టెనా, కాయ కుళ్లును. దీని గొప్పగుణము పులుపు. ఎంత పండినను అది విడువదు. అందుచేతనే వూవ్రే రైతులు చలి యేట నురుగు రసమును, ఎండ కాసిన యేట తీపి రసమును ఈ ఒక్క రకమునుండియే తీయుదురు. లేయాన్ యేటి లోయలో పొగమంచు వలన పండ్లపై బోట్రైటిస్ అను బూజు పట్టును. మనకు బూజన్న భయము, వారికది భాగ్యము! పండులోని నీరు ఆవిరియై చక్కెర చిక్కబడును. గుత్తులన్నియు ఒకే దినమున సిద్ధము కావు గనుక అదే వరుసకు పలుమారులు పోయి ఏరి కోయుదురు. దిగుబడి స్వల్పము, ధర అధికము.

ఈ తీగయే దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతమున 'స్టీన్' అను పేర చిరకాలము సాగైనది. రెండును ఒకటే యని 1960 తరువాతి యేండ్లలో గాని తేలలేదు. అచ్చట 1918లో కె.డబ్ల్యు.వి. అను రైతుల సహకార సంఘము ఏర్పడెను. బ్రాందీకి పోవు రసమునకు కనీసపు ధర నిర్ణయించు అధికారము 1924 నాటి శాసనముచే దానికి లభించెను. రైతునకు ధర నిలిచెను, అది మేలే. గాని తూకమునకే సొమ్ము ముట్టుచుండగా కత్తెర పట్టి గుత్తులు తగ్గించువాడెవడు? విరగ కాచిన తీగ రసము పలుచనై రుచి తప్పును.

ఇక మిశ్రమము. ఇది పాలలో నీళ్లు కలుపుట వంటిది కాదు. ఆంజూ తెల్లరసమున షెనిన్ నూటికి 80 పాళ్లకు తగ్గరాదు. తక్కినది షార్డొనే గాని సోవిన్యోఁ గాని కావచ్చును. కేప్‌లో వియోన్యే, రూసాన్ రకములను చేర్తురు. వియోన్యే పరిమళమును, రూసాన్ నిండుదనమును ఇయ్యగా, షెనిన్ పులుపు వానిని నిలబెట్టును.

మన దేశమున నాసిక్ ప్రాంతమున కూడ ఇది సాగగుచున్నది. ఏప్రిలులో ఒకమారు, సెప్టెంబరు, అక్టోబరులలో మరియొకమారు కత్తిరించి, జనవరి మొదలు మార్చి వరకు కోయుదురు. వేడి ముదిరిన కొలది పులుపు తగ్గును గనుక కోతదినము నిర్ణయించుటయే అచ్చటి కష్టము.

కేప్‌లో ముసలి తీగలకు కాపు తగ్గి, ధర చాలక, రైతులు పెక్కింటిని పెరికివేసిరి. మిగిలినవాని రసమే చిక్కనిదని పిమ్మట తెలిసినది. 2016లో మొదలైన ఓల్డ్ వైన్ ప్రాజెక్టు వారు 35 ఏండ్లు నిండిన తోటల రసమునకు ముద్ర ఇచ్చుచున్నారు. తోట నాటిన సంవత్సరము ఆ ముద్రతో సీసా మీదనే కనబడును.