ఒకే బెజవాడ, రెండు సభలు

స్వాతంత్ర్యోద్యమ కాలంలో బెజవాడలో జరిగిన ముఖ్యమైన సభ ఏది అని మన కాలేజీ పిల్లల్ని అడిగి చూడండి. చదువుకున్నవాళ్ళు 1921 అంటారు. ఆ ఏడు మార్చి 31న, ఏప్రిల్ 1న అఖిల భారత కాంగ్రెస్ కమిటీ అక్కడ సమావేశమైంది. గాంధీ వచ్చారు. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కు కోటి మంది సభ్యులు, ఇళ్ళలో ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించారు. పింగళి వెంకయ్య తన జెండా నమూనా గాంధీకి చూపించింది కూడా అక్కడే. ఇవన్నీ నిజాలే. ఎవరూ కాదనరు.

సరే, అదే ఊళ్ళో 1917 నవంబరులో జరిగిన సభ సంగతేమిటి అని అడగండి. చాలామందికి జవాబు దొరకదు. పిల్లల తప్పేమీ లేదు. వాళ్ళకు చెప్పినవాళ్ళకూ ఎవరూ చెప్పలేదు.

చరిత్ర అంటే జరిగింది జరిగినట్టు చెప్పడమే, అందులో దృక్పథం గొడవ ఎందుకు అని కొందరు మేధావులు మనల్ని అడుగుతుంటారు. దానికి ఈ రెండు సభలే జవాబు. రెండూ జరిగాయి. రెండూ ఒకే ఊళ్ళో, మూడున్నరేళ్ళ తేడాతో జరిగాయి. ఒకటి చరిత్ర అయింది, ఇంకోటి కాలేదు. ఏది చరిత్ర, ఏది కాదు అని తేల్చిన చూపు ఎవరిది? దృక్పథం అనేది జరిగినదాని మీద తర్వాత పూసే రంగు కాదు. అసలు ఏది కంటపడుతుంది, ఏది పడదు అనే దగ్గరే అది పని మొదలుపెడుతుంది.

పేరు మార్చుకున్న సభ

1917 నవంబరు 4 నుంచి 6 దాకా జరిగిన ఆ సభను ఆంధ్రదేశపు మొదటి పంచమ మహాజన సభగా పిలిచారు. దాన్ని పూనుకుని జరిపించిన వాళ్ళలో గూడూరు రామచంద్రరావు లాంటి అగ్రకుల సంస్కర్తలూ ఉన్నారు. వాళ్ళ మంచి ఉద్దేశాన్ని శంకించాల్సిన పని లేదు. పంచములను ఉద్ధరించాలి అనుకున్నారు, అందుకని పంచమ సభ అన్నారు. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చాడు. ఆయన 1888లో మాల కుటుంబంలో పుట్టినవాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథల ద్వారా వాడవాడలా ప్రచారం చేసినవాడు. 1911లో దాన్నే మన్య సంఘంగా మార్చాడు.

ఆయన అభ్యంతరం మొదట ఆ పేరు మీదే. శాస్త్రాల్లో ఉన్నది నాలుగు వర్ణాలే, ఈ ఐదోది ఎక్కడిది? ఎవరు పెట్టారు? ఈ నేల మీద మొదటినుంచీ ఉన్నవాళ్ళం మేము, మేము ఆది ఆంధ్రులం అని వాదించాడు. పంచమ సభగా మొదలైంది కాస్తా ఆది ఆంధ్ర మహాజన సభగా ముగిసింది. ఆ రోజుల్లో, అంటరానివాళ్ళు ఎక్కడ లోపలికి వస్తారోనని, కొండ మీద కనకదుర్గ గుడి తలుపులు మూసి ఉంచారు.

ఇక్కడ మూడు చూపులున్నాయి. గుడి తలుపు మూసినవాడికి ఆ జనం మైల. సంస్కర్తకు ఆ జనం దయ చూపాల్సిన పంచములు. సభకు వచ్చిన మాల మాదిగలకు తాము ఈ దేశపు మొదటి హక్కుదారులు. మనుషులు వాళ్ళే, ఊరూ అదే. కానీ ఏ మాటతో పిలుస్తున్నామో దాన్నిబట్టి అడగాల్సిన ప్రశ్న మారిపోతుంది. పంచమ అంటే, వీళ్ళను ఎలా బాగుచేయాలి అనేది ప్రశ్న. ఆది ఆంధ్ర అంటే, వీళ్ళ దగ్గర్నుంచి ఏం లాక్కున్నారు అనేది ప్రశ్న.

ఇది ఉత్త పేరు గొడవ కాదు. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ, పరయ అనే మాటలకు బదులు ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. 1931 జనాభా లెక్కల నాటికి మద్రాసు రాష్ట్రంలోని మాల మాదిగల్లో దాదాపు మూడోవంతు తమను ఆది ఆంధ్రులుగా రాయించుకున్నారు. లెక్కలు రాసేవాడి ముందు నిలబడి, నువ్వు పిలిచే పేరు నాది కాదు, ఇదీ నా పేరు అని లక్షలమంది చెప్పారన్నమాట. అది ఉద్యమం కాకపోతే మరేమిటి?

దొరతనం ఏ రంగు?

1921 దగ్గరికి మళ్ళీ వద్దాం. సహాయ నిరాకరణ రోజుల్లో గరిమెళ్ళ సత్యనారాయణ పాట 'మాకొద్దీ తెల్లదొరతనము' ఆంధ్రదేశమంతా మోగింది. ఆ పాట రాసినందుకు ఆయన జైలుకు వెళ్ళాడు. అదే ఏడు రాజమండ్రికి చెందిన దళిత కవి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని పుస్తకం వేశాడు. మొదటిది మన పాఠాల్లో ఉంది. రెండోదాన్ని దళిత ఉద్యమం వచ్చాక వెతికి తీసుకోవాల్సి వచ్చింది.

గరిమెళ్ళ అబద్ధం చెప్పలేదు, తెల్లదొరతనం దోపిడీయే. కానీ వెలివాడ నుంచి చూసేవాడికి తెల్లదొర ఎక్కడో కలెక్టరు కచేరీలో ఉంటాడు. బావి దగ్గర కడవ ముట్టనివ్వనివాడు, పొద్దుగుంకేదాకా పని చేయించుకుని కొలత తగ్గించి గింజలు పోసేవాడు ఊరి మధ్యనే ఉంటాడు. స్వరాజ్యం వస్తే పెత్తనం వీడి చేతికే వస్తుంది కదా, అప్పుడు మా గతేమిటి అనేది ధర్మన్న ప్రశ్న. ఈ ప్రశ్న అడిగినవాళ్ళందరి మీదా తెల్లవాళ్ళ తొత్తులనే ముద్ర వేయడం తేలిక. కానీ ధర్మన్న తెల్లదొరతనం కావాలని అడగలేదు. దొరతనమే వద్దన్నాడు. ఆలోచిస్తే రెంటిలో ఏది పెద్ద స్వాతంత్ర్యమో తెలుస్తుంది.

అయితే ఎవరి చరిత్ర వారిదేనా?

ఇక్కడ కొందరు ఇంకో వాదం తెస్తారు. ఎవరి చూపు వాళ్ళది, అన్నీ సమానమే అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ అలా అయితే గుడి తలుపు మూసినవాడి చూపు కూడా ఒక చూపే అవుతుంది. మనం అనేది అది కాదు. కింద నిలబడి చూసేవాడికి పైవాడికి కనపడని వాస్తవాలు కనపడతాయి. ఆ వాస్తవాలను కూడా కలుపుకున్న చరిత్రే ఎక్కువ నిజమైన చరిత్ర. అంతేగాని, కింద నిలబడి చెప్పినంత మాత్రాన ప్రతి మాటా ప్రశ్నకు అతీతం కాదు.

ఇందుకు మన లోపలే ఉదాహరణ ఉంది. 1917లో ఆది అనే మాట వెనుక, మేము వేరే జాతి, ఆర్యులు తర్వాత వచ్చి మమ్మల్ని అణచారు అనే ఊహ ఉంది. అంబేద్కర్ 1948లో అంటరానివాళ్ళ గురించి రాసిన పుస్తకంలో ఈ జాతి సిద్ధాంతాన్ని తోసిపుచ్చాడు. అంటరానితనం పుట్టుకకు బౌద్ధం మీద పగ, గొడ్డుమాంసం తినడం కారణాలుగా చూపాడు. ఇద్దరూ వెలివాడ నుంచి చూసినవాళ్ళే. అయినా రుజువుల దగ్గర తేడా వచ్చింది. ఇది మన బలహీనత కాదు, ఆలోచించే సమాజానికి గుర్తు.

ఆధారాలు ఎక్కడ వెతుకుతున్నాం అనేది కూడా దృక్పథమే. అచ్చుకాగితాలు మాత్రమే చూసేవాళ్ళు, ఆది అనే భావన తెల్లవాళ్ళ పుస్తకాల నుంచే వచ్చిందని రాస్తారు. మాదిగలకు డక్కలివాళ్ళు చెప్పే జాంబపురాణం వింటే, భూమి పుట్టకముందే జాంబవంతుడు పుట్టాడని ఉంటుంది. మేమే మొదటివాళ్ళం అనే మాట అక్షరం రానివాళ్ళ నోట ఉంది. పుస్తకం చదివినవాడికి అది వినపడలేదు.

అద్దం మనవైపు

మరి ఈ కొలబద్ద మనకూ వర్తించాలి. ఆది ఆంధ్ర ఉద్యమ చరిత్రలో మనం తలుచుకునే నాయకుల్లో ఎక్కువమంది మాలలు. మాదిగల చూపు నుంచి ఆ చరిత్ర ఎలా ఉంటుంది? 1994లో మొదలైన దండోరా ఆ ప్రశ్నను వీధిలోకి తెచ్చింది. ఐక్యత చెడుతుంది, ఇప్పుడు మాట్లాడొద్దు అని అప్పుడు మనలోనే కొందరం అన్నాం. ధర్మన్నతో కాంగ్రెస్‌వాళ్ళు అనగలిగిన మాటా అదే కదా! వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పేదాకా మూడు దశాబ్దాలు పట్టింది. ఇకపోతే ఈ వ్యాసంలో ఉద్యమం పేరిట చెప్పుకున్న పేర్లన్నీ మగవాళ్ళవే. బావి దగ్గర కడవతో నిలబడ్డది ఆడమనిషి. ఆమె చరిత్ర ఎవరు రాస్తారు?

కాబట్టి విద్యార్థులూ టీచర్లూ ఏ పాఠం తెరిచినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది చెబుతున్నవాడు ఎక్కడ నిలబడ్డాడు? అక్కడ నుంచి ఏది కనపడదు? కనపడని చోట ఉన్నవాళ్ళను అడిగామా? కార్యకర్తలు ఇంకో పని చేయాలి. తమ వాడలో పెద్దవాళ్ళు బతికుండగానే వాళ్ళు చెప్పేది రాసి పెట్టుకోవాలి. తర్వాత వెతికితే దొరకదు.

చివరగా ఒక మాట. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ షెడ్యూల్డు కులాల జాబితాలు తీసి చూడండి. రెంటిలోనూ ఆది ఆంధ్ర అనే పేరు ఉంది. 1917లో మనవాళ్ళు వద్దని పారేసిన పంచమ కూడా అందులోనే ఉంది. పోరాడి పెట్టుకున్న పేరు, పైవాళ్ళు తగిలించిన పేరు ఒకే కాగితం మీద పక్కపక్కనే బతుకుతున్నాయి. ఏది ఎవరు పెట్టారో తెలియకపోతే, కులం సర్టిఫికెట్ కోసం ఆ జాబితా చూసే పిల్లకు రెండూ ఒకటే. తెలిస్తే మాత్రం ఆ కాగితమే చరిత్ర పాఠం అవుతుంది.