ఆ ఒక్క రాత్రి – పండుగ కజ్జికాయలు



డిసెంబరు వచ్చిందంటే బందరు నుండి గుడివాడ వరకు, అటు దివిసీమలోను మన గృహములన్నిటిలో పిండివంటల వాసనే. 24వ తేదీన మూకుడు పెడితే, మరునాడు ఆరాధన అయ్యాక ఇరుగుపొరుగుకు పంచేవరకు కజ్జికాయలు ఒక రాత్రి నిలువ ఉండాలి. ఆ ఒక్క రాత్రిని గూర్చియే ఈ మాటలు.

మా ఇంట జరిగిన పొరపాటే చెబుతాను. కొన్నేళ్ళ క్రితం దివిసీమలో ఒక గ్రామంలో పరిచర్య చేస్తున్నప్పుడు సండేస్కూలు పిల్లల కోసం పచ్చికొబ్బరి కజ్జికాయలు చేయించాము. కేరల్స్‌కు వెళ్ళే తొందరలో లౌజు దగ్గరపడకముందే దింపి, కజ్జికాయలను వేడివేడిగా డబ్బాలో పోసి మూత బిగించాము. తెల్లవారాక ఒక తల్లి, "అయ్యగారూ, కాస్త వాసన వస్తోందండీ" అన్నది. "ప్రార్థన చేసి పెడుతున్నాం, ఏమీ కాదమ్మా" అన్నాను. సాయంత్రానికి నలుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు. దేవుని కృపవలన కోలుకున్నారు. నా మాట మాత్రం నన్ను ఇంకా గుచ్చుతూనే ఉన్నది. భోజనమునకు ముందు ప్రార్థన కృతజ్ఞత చెల్లించుటకే గాని, ముక్కు మూసుకొనుటకు కాదు.

నిర్గమకాండము 16వ అధ్యాయము చూడండి. మాట వినక ఉదయము వరకు ఉంచుకున్న మన్నా పురుగుపట్టి కంపు కొట్టింది. విశ్రాంతిదినము కొరకు ఆజ్ఞ ప్రకారము దాచినది చెడిపోలేదు. దాచుటకు ఒక క్రమమున్నది.

వేడిమీద మూత పెడితే ఆవిరి నీరై కారుతుంది. తడి ఉన్నచోట సూక్ష్మక్రిములు పెరుగుతాయి. వాటిలో కొన్ని విడిచే విషము మరల వేడి చేసినా పోదు. మన బందరు తొక్కుడు లడ్డు చాలా రోజులు నిలువ ఉండేది తడి తక్కువ, పాకము ఎక్కువ గనుకనే.

కాబట్టి రాత్రి ఉంచవలసిన కజ్జికాయలలో పచ్చికొబ్బరి, కోవా వద్దు. వేయించిన నువ్వులు, పుట్నాలపప్పు, ఎండుకొబ్బరి, బెల్లం పెట్టండి. చేతికి పుండు, సెగగడ్డ ఉన్నవారు పిండి కలపరాదు. వేయించినవాటిని వెడల్పాటి పళ్ళెంలో పరచి, ఈగలు వాలకుండా జాలీమూత పెట్టి, పూర్తిగా చల్లారాకే పొడి డబ్బాలో సర్దండి. చీమలు పట్టకుండా డబ్బాను నీళ్ళ పళ్ళెంలో ఇటుక మీద ఉంచండి.

బూరెలు, బొబ్బట్లు, పచ్చికొబ్బరివి ఏ పూటకు ఆ పూటే చేసుకొనుట మేలు. మిగిలితే రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. కరెంటు నాలుగు గంటలకు మించి పోతే వాటిని తినవద్దు. వాసన రానంత మాత్రాన మంచిదని అనుకోవద్దు. పిల్లలకు వాంతులైతే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి కొద్దికొద్దిగా త్రాగించండి. మగతగా ఉన్నా, మూత్రము రాకున్నా, విరేచనములో రక్తము పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

కష్టపడి చేసింది పారవేయుటకు మనసొప్పదు. ప్రభువు మిగిలిన రొట్టెముక్కలను పోగుచేయించాడు కదా అంటారు. నిజమే. అవి తినదగినవి. పాడైనదానిని పసిపిల్లలకు పెట్టుట పొదుపు కాదు. కొంచెమే చేసి, మంచిదే పంచుదాము.

ప్రభువు మీ గృహములను, మీ బల్లలను ఆశీర్వదించునుగాక. ఆమేన్.