నీళ్ల గోస ఎరిగినవాళ్లకు ఏ నవల చెప్పాలి?

చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఉంది. ఇంటింటికీ నల్లా నీళ్లిస్తామని 2015 జూన్‌లో దానికి పునాదిరాయి వేశారు. ఆ రాయి వెనక ఉమ్మడి నల్లగొండ జిల్లా తరతరాల గోస ఉంది. ఫ్లోరైడు నీళ్లకు వంకరపోయిన కాళ్లు, గారపట్టిన పళ్లు, వందల అడుగులు దింపినా దుమ్మే పోసిన బోర్లు. ఇలాంటి ఊళ్లో చదివే అలవాటున్నవాళ్లు మంచి సైన్స్ ఫిక్షన్ నవల పేరు చెప్పమంటే ఏం చెప్పాలి? మామూలుగా మనం చేసేది జాబితా అందించడం. అందులో ఫ్రాంక్ హెర్బర్ట్ ‘డ్యూన్’ (1965) తప్పకుండా ఉంటుంది. గ్రహాల మధ్య పోరు, రాజవంశాల కుట్రలు, ఇసుక కింద తిరిగే కొండంత పురుగులు అని చెబితే విన్నవాళ్లు నవ్వి ఊరుకుంటారు. అదే నవలను ఇంకోలా చెప్పి చూడండి. ఎడారి గ్రహానికి కొత్తగా వచ్చిన ప్రభువు కొలువులోకి స్థానిక తెగ నాయకుడు ఒకడు వస్తాడు. నున్నగా మెరిసే బల్ల మీదికి వంగి ఉమ్ముతాడు. ప్రభువు మనుషులు ఒక్కసారిగా భగ్గుమంటారు. కానీ ఆ తెగ లెక్కలో అది మర్యాద. తన ఒంట్లోని తడిని ప్రభువుకు కానుకగా ఇచ్చాడతను. అక్కడ చెమటనూ మూత్రాన్నీ వడగట్టి తిరిగి తాగించే బట్టలు తొడుక్కుంటారు. చనిపోయినవాడి ఒంట్లోని నీళ్లు తెగకే చెందుతాయి. ఆ గ్రహాన్ని పచ్చగా మార్చడానికి ఎన్ని తరాలు పడతాయో లెక్కలు కట్టే శాస్త్రవేత్త కూడా ఉన్నాడు కథలో. చౌటుప్పల్‌లోనే ఉన్న ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ప్రాంగణంలో, నల్లరాతి పగుళ్లలో నీరు ఎక్కడ నిలుస్తుందో, ఎటు జారుతుందో బోర్లు వేసి కొలుస్తారు. ఇక్కడి పాఠకుడికి ఆ శాస్త్రవేత్త ఏమంత పరాయివాడు కాడు.

అద్భుతకథను ఎవరికైనా చెప్పాలంటే దాని వర్గం పేరు, గొప్పతనం పక్కనపెట్టి, అది పెట్టే షరతేమిటో ఒక్క వాక్యంలో చెప్పాలని నా వాదన. మంచి అద్భుతకథ పాఠకుణ్ణి ఒకే ఒక్క అసాధ్యాన్ని ఒప్పుకోమంటుంది. ఒప్పుకున్నాక మిగతాదంతా లెక్క తప్పకుండా నడుస్తుంది. ఆ షరతు పాఠకుడి బతుకులో దేన్ని తాకుతుందో చూసుకోవడమే చెప్పేవాడి పని. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ మొత్తం దీని మీదే నడుస్తాయి. కాశీయాత్రలో మూటలు మోసే గొల్లపిల్లవాడు మజిలీ ఊళ్లో ఏదో వింత చూసి వచ్చి అడుగుతాడు, యాత్రికుడైన మణిసిద్ధుడు ఆ వింతకు తగిన కథ ఎత్తుకుంటాడు. అడగనిదే కథ లేదు.

మన పాఠకుడికి ఇలాంటి అద్భుతకథలు అలవాటు లేవంటారు. నాకది నమ్మబుద్ధి కాదు. 16వ శతాబ్దిలో పింగళి సూరన రాసిన ‘కళాపూర్ణోదయం’లో మణిస్తంభుడు, సుముఖాసత్తి అనే ఆలుమగలు ఆడామగా రూపాలు మార్చుకుంటారు. ఆడదైన మణిస్తంభుడు కన్న బిడ్డే కళాపూర్ణుడు. ఎప్పుడో బ్రహ్మ సరస్వతికి సరదాగా చెప్పిన కథ తర్వాత భూమ్మీద అక్షరాలా జరుగుతుంది. ఇంత మెలికను జీర్ణించుకున్న పాఠకుడికి ఉర్సులా లెగ్విన్ 1969 నవల ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ చేతికివ్వడానికి జంకెందుకు? అందులోని మంచు గ్రహంలో మనుషులు పుట్టుకతో ఆడా కాదు, మగా కాదు. నెలలో కొన్నాళ్లు మాత్రమే అటో ఇటో మారతారు, అందుకని ఒక రాజు గర్భం దాలుస్తాడు. సూరన దీన్ని చమత్కారంగా వాడుకున్నాడు, లెగ్విన్ అందులోంచి ఒక సమాజాన్నే అల్లింది. అలాగే విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’. గుర్రం తల ఉన్న గంధర్వుడొకడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడి ఉంటాడు. అద్భుతకథలంటే చిన్నపిల్లలవే అనేవాళ్లకు ముందు ఇదే ఇవ్వాలి. ఎవరు ఎవరిని వింతజంతువుగా చూస్తున్నారన్న వెటకారం పెద్దవాళ్లకే అందుతుంది.

వెట్టిచాకిరీ గురించి ఇంట్లో వింటూ పెరిగినవాళ్లకు హెచ్.జి. వెల్స్ ‘టైమ్ మెషీన్’ (1895) చెప్పాలి. ‘ఆదిత్య 369’ సినిమా పుణ్యమా అని కాలయంత్రం మనకు వినోదంగానే గుర్తుండిపోయింది. వెల్స్ షరతు చేదుది. శ్రమ చేసేవాళ్లను తరాల తరబడి భూమి కిందికి నెడితే లక్షల ఏళ్లకు వాళ్లు వేరే జాతిగా మారి, పైన సుఖంగా తిరిగే జాతిని తినడం మొదలుపెడతారు. పుస్తకం చిన్నది, రెండు రాత్రుల్లో అయిపోతుంది.

ఇక గట్టి అభ్యంతరం ఒకటుంది. బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన పల్లెలున్న నేల ఇది, ఇక్కడ మాయామంత్రాల నవలలు చదవమనడం తగునా? ప్రశ్న న్యాయమైనదే. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమిలో సీరియల్‌గా వచ్చి ఊపేసినప్పుడు రంగనాయకమ్మ దాన్ని గంజాయి దమ్ముతో పోల్చారు. ఆ నవలలో చిక్కు చేతబడి ఉండటం వల్ల వచ్చింది కాదని నాకనిపిస్తుంది. ఆ నవల చేతబడి వైపొక కాలు, వైద్యం వైపొక కాలు వేసి, ఇదంతా మన వీధిలోనే జరగొచ్చన్న భయాన్ని పాఠకుడి వెంట ఇంటిదాకా పంపుతుంది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’ చదివి ఎవరూ పక్కింటి ముసలమ్మను అనుమానించరు. అక్కడి మాంత్రికుడు షరతులోపలే పుట్టి అక్కడే చస్తాడు. ఏళ్ల తరబడి భేతాళుణ్ణి నెలనెలా చెట్టు దింపి మాట్లాడించిన ఆ పత్రికకు సంపాదకుడు కొడవటిగంటి కుటుంబరావు, భౌతికశాస్త్రం చదువుకున్న గట్టి హేతువాది. ఆయనకు అందులో ఇబ్బంది కనిపించలేదు.

మిగిలింది భాష. చెప్పిన పరాయి నవలలు ఇంగ్లీషువి, ‘డ్యూన్’ అయితే తేలిక ఇంగ్లీషు కూడా కాదు. తెలుగే కావాలంటే చిత్తర్వు మధు ‘కుజుడి కోసం’ ఉంది, కవిత్వానికి భయపడనివాళ్లకు సూరన ఎలాగూ ఉన్నాడు. ‘డ్యూన్’కే సిద్ధపడినవాళ్లకు మాత్రం ఒక్క మాట చెప్పి పంపాలి. పుస్తకం చివర వింతపదాల పట్టిక పెద్దది ఉంటుంది, ముందే తిరగేస్తే గుండె జారుతుంది. బల్ల మీద ఉమ్మిన ఘట్టం వచ్చేదాకా దాని జోలికి పోవద్దు. అక్కడికి చేరాక నీళ్ల గురించి ఆ గ్రహంలో వాడే మాటలు అర్థం కావడానికి నల్లగొండ మనిషికి పట్టికతో అట్టే పనుండదు.