వార్తల్లో పదం: టెనెక్టెప్లేస్

పక్షవాతం, గుండెపోటు వార్తల్లో ఈమధ్య తరచూ వినిపిస్తున్న టెనెక్టెప్లేస్ రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షన్. ఇది మన రక్తంలోనే ఉండే ప్లాస్మినోజన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తుంది; అది గడ్డను పట్టి ఉంచిన ఫైబ్రిన్ పోగులను తెంచేస్తుంది. పక్షవాతానికి పాత మందు ఆల్టెప్లేస్‌ను గంటసేపు ఎక్కించాలి. దీన్నయితే కొన్ని సెకన్లలో ఒకే మోతాదుగా నరంలోకి ఇచ్చేస్తారు. 2022లో వెలువడిన కెనడా పరిశోధనలో ఇది పాతదానికి తీసిపోలేదని తేలింది. 2025లో అమెరికా దీన్ని పక్షవాతానికి వాడేందుకు అనుమతిచ్చింది.

అంత సులువైతే నంద్యాల జిల్లా జూపాడు బంగ్లా లాంటి చిన్న ఊళ్లోనే వేసేయొచ్చు కదా అనిపిస్తుంది. గుండెపోటు విషయంలో ఆ వాదనకు బలముంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన స్టెమీ పథకం నడిచేదే ఆ లెక్కన: చిన్నాసుపత్రిలో ఈసీజీ తీసి, పెద్దాసుపత్రి నిపుణుల సలహాతో సూది వేస్తారు. మెదడు సంగతి వేరు. నాళం మూసుకుపోయినా, చిట్లినా పైకి కనిపించేది అదే వంకరపోయిన మూతి, అదే పడిపోయిన చెయ్యి. చిట్లినప్పుడు ఈ మందు పడితే ప్రాణానికే ముప్పు. అందుకే ముందు సీటీ స్కాన్ తప్పదు. మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇదంతా జరగాలి. కర్నూలుకో నంద్యాలకో చేరే ప్రయాణం, దానికి ముందు పసరు మందు కోసం తిరిగిన సమయం, రెండూ అందులోంచే పోతాయి.