సూదిపని తరగతిని ఎన్నుకొనుట

సూదిపని నేర్పు తరగతులు నేడు పట్టణములందే గాక పెద్ద గ్రామములందును వెలసినవి. వేసవి సెలవులు వచ్చినంతనే గోడలపై వాని ప్రకటనలు కన్పట్టును. కాన్వాసుపై ఉన్నికుట్టు, రంగుదారపు ఎంబ్రాయిడరీ, అద్దాలపని, మగ్గంపని అని పేర్లన్నియు మనోహరముగనే యుండును. బాలబాలికలలో పెక్కుమంది కంటికి ఇంపైనదానిని చూచి చేరుదురు. (బాలురను ఏల చేర్చితినని ఆశ్చర్యపడకుడు. మన దేశమున జరీపనితో జీవించువారిలో పురుషులు పెక్కురు కలరు.) చేయి సిద్ధము కాకమునుపే కఠినమైన తరగతిలో చేరినచో తల్లిదండ్రులు చెల్లించిన రుసుము వ్యర్థమగును. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. “ఈ విద్య నాకు రాదు” అను తలంపు మనస్సున నాటుకొనును. దానిని పెరికివేయుట మిక్కిలి కష్టము.

కావున ముందుగా మీ చేతిని మీరే పరీక్షించుకొనుడు. జానెడు తెల్లగుడ్డపై పెన్సిలుతో ఒక తిన్నని గీతయు, ఒక వంపు గీతయు గీయుడు. తిన్నని గీతపై సాదాకుట్టును, వంపు గీతపై గొలుసుకుట్టును వేయుడు. పిమ్మట గుడ్డను త్రిప్పి వెనుకవైపు చూడుడు. ముందువైపు చూచి మురియుట అందరికిని అలవాటే. పనితనమును బయటపెట్టునది వెనుకవైపు. అచట ముడులు గుంపులుగా నున్నను, దారము ఒకచోటనుండి మరియొకచోటికి పొడవుగా దాటియున్నను, గుడ్డ ముడుచుకొనిపోయినను మీరు ప్రారంభదశలో నున్నారని గ్రహింపవలెను. గొలుసులోని కన్నులన్నియు ఒకే కొలతలో నుండి, గుడ్డ చదునుగా నున్నచో రెండవమెట్టు తరగతికి పోవచ్చును.

ప్రారంభకులకు కాన్వాసుపని తగినది. కాన్వాసు జల్లెడవలె రంధ్రములు గలది. కుట్టు ఎచట పడవలెనో ఆ రంధ్రములే చూపును. సూదిమొన మొద్దుగా నుండుటచే వ్రేలికి గుచ్చుకొనదు. అయినను కాన్వాసులన్నియు ఒకటి కావు. అంగుళమునకు 10 రంధ్రములున్న కాన్వాసుపై చదరపు అంగుళమునకు 100 కుట్లు పడును. 18 రంధ్రములున్న దానిపై 324 కుట్లు పడును. చూపునకు రెండును ఒకే చిత్రమైనను, రెండవదానిలో పని మూడింతలకు మించును. కొత్తవారికి 18 రంధ్రముల కాన్వాసు నిచ్చు తరగతిలో చేరకుండుటయే మేలని నా అభిప్రాయము. వాలుకుట్టును అడ్డువరుసలలో వేసినచో కాన్వాసు ఒక ప్రక్కకు ఒరుగును. మూలకు మూలగా వేసినచో అంతగా ఒరుగదు. ఈ భేదమును అనుభవముతో తెలిసికొన్నవారు మొదటిమెట్టు దాటినవారు.

రంగుదారపు ఎంబ్రాయిడరీ రెండవమెట్టు. ఇందు దారి చూపు రంధ్రములు లేవు; చేయియే కొలత. ఆరు పోగుల దారమును విడదీసి, ఆకునకు మూడు పోగులు, సన్నని కాడకు ఒక పోగు అని నిర్ణయించుకొనవలెను.

మగ్గంపని వీనికంటె భిన్నమైనది. బట్టను చట్రమునకు బిగించి, ఒక చేత కొక్కెపుసూదిని పైన నడపుచు, రెండవ చేత దారమును క్రింద పట్టుకొనవలెను. క్రిందిచేయి కంటికి కన్పడదు. సాదాకుట్టు మాత్రమే తెలిసిన బాలిక యొకతె పెండ్లిరవికలపై నెమళ్లను చూచి ముచ్చటపడి ఇట్టి తరగతిలో చేరి, పదునైదు దినములకే మానుకొనెను. ఏడాదిపాటు గొలుసుకుట్టు సాధనచేసిన పిమ్మట అదే పనిని ఆమె సుఖముగా నేర్చుకొనినది.

ప్రసిద్ధ విద్యాలయములును ఈ క్రమమునే పాటించును. లండను నగరమున 1872లో స్థాపింపబడిన రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ అను సంస్థవారే 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేక వస్త్రముపై బంగారుపని చేసిరి. దానికి 3,500 గంటలకు పైగా పట్టినది. అట్టి సంస్థయును విద్యార్థిచేత మొదట నారగుడ్డపై ఉన్నిదారముతో లతలు, ఆకులు కుట్టించును. బంగారుపని ఆ తరువాతనే.

మన తెలుగు రాష్ట్రములలో ప్రభుత్వ పరీక్షల విభాగమువారు కుట్టుపని, ఎంబ్రాయిడరీలలో లోయరు గ్రేడు, హయ్యరు గ్రేడు అను పరీక్షలు జరుపుదురు. లోయరు గ్రేడునకు ఏడవతరగతి ఉత్తీర్ణత చాలును. అనగా ఈ పాఠము చదువుచున్న మీరును అర్హులే. హయ్యరు గ్రేడునకు పదవతరగతితోపాటు లోయరు గ్రేడు పత్రమును ఉండవలెను.

మిక్కిలి సులభమైన తరగతియు మంచిది కాదు. వచ్చిన కుట్టునే మరల మరల వేయించినచో విసుగు పుట్టును. చేరుటకు ముందు ఒక దినము అచట కూర్చుండి చూచుటకు అనుమతి కోరుడు. ఉపాధ్యాయురాలు ఒక్కొక్కరి గుడ్డను త్రిప్పి చూచుచున్నదా? గదిలో వెలుతురు చాలినంత కలదా? రెండు మూడు నెలలు నేర్చినవారి పనిని అడిగి చూడుడు. సూదులు, చట్రము, దారములు, జరీ, పూసలు రుసుములోనే చేరియున్నవో, వేరుగా కొనవలెనో అదే దినమున విచారించి ఇంటివారికి తెలుపుడు.